డ్రోన్ బొమ్మ టీవీకి, ఎల్‌ఈడీ వాల్‌కి, గాగుల్స్‌కి: తక్కువ ఖర్చులో ఎలా?

డ్రోన్ కెమెరా చూపించే బొమ్మను రిమోట్ దాటించి బయటి తెర మీదికి తేవాలనుకుంటే ముందు ఒకటి తేల్చుకోండి. ఆ బొమ్మ చూసి డ్రోన్ నడపాలా, పక్కనున్నవాళ్లు చూస్తే చాలా? పెళ్లి పందిట్లో ఎల్‌ఈడీ వాల్ మీద ఊరేగింపు రెండు సెకన్లు వెనక కనిపించినా ఎవరికీ తెలియదు. అదే ఆలస్యం గాగుల్స్‌లో (కళ్లకి తగిలించుకుని డ్రోన్ బొమ్మ చూసే తెర) ఉంటే, డ్రోన్ చెట్టుకి తగిలాకే నడిపేవాడికి చెట్టు కనిపిస్తుంది. డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవచ్చో ఈ ఆలస్యం లెక్కే చెబుతుంది.

డ్రోన్ సెకనుకి 15 మీటర్ల వేగంతో, అంటే గంటకి 54 కిలోమీటర్లతో పోతోందనుకోండి. బొమ్మ 200 మిల్లీసెకన్లు ఆలస్యమైతే మీరు చూసే చోటు కంటే డ్రోన్ 3 మీటర్లు ముందుంటుంది. రేసింగ్ డ్రోన్లలో వాడే అనలాగ్ వీడియోలో ఆలస్యం మామూలుగా 20 నుంచి 40 మిల్లీసెకన్లు, అంటే అర మీటరు అటూ ఇటూ. డీజేఐ రిమోట్‌కి బిగించిన ఫోన్‌లో 120–130 మిల్లీసెకన్లు ఉంటుందని కంపెనీ లెక్క. ఆ ఫోన్ తెరను వైర్ లేకుండా టీవీకి పంపితే దానిమీద ఇంకో రెండు మూడు వందలు తోడవుతాయి. లైవ్ స్ట్రీమ్ పద్ధతిలో పంపితే రెండు నుంచి ఐదు సెకన్లు. కాబట్టి నడిపేవాడి కన్ను ఎప్పుడూ మొదటి తెర మీదే ఉండాలి. ఆ తర్వాత వచ్చే తెరలన్నీ చూసేవాళ్లకే.

ముందు రిమోట్‌ని తిప్పి చూడండి

ఏం కొనాలన్నది రిమోట్‌కి ఏ పోర్టు ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. డీజేఐ ఆర్‌సీ ప్రోకి మినీ హెచ్‌డీఎంఐ ఉంది, ఆర్‌సీ ప్లస్‌కి మామూలు సైజు హెచ్‌డీఎంఐ ఉంది. ఇవి చేతిలో ఉంటే సగం పని అయిపోయినట్టే. తెర ఉన్న డీజేఐ ఆర్‌సీ, ఆర్‌సీ 2 రిమోట్లకి మాత్రం హెచ్‌డీఎంఐ లేదు. తెర ఉంది కదా, టీవీకి పెట్టే దారి కూడా ఉంటుందని కొని ఇరుక్కునేవాళ్లు చాలామంది. ఫోన్ బిగించే ఆర్‌సీ-ఎన్1, ఎన్2, ఎన్3 రిమోట్లకీ లేదు.

ఫోన్ రిమోట్‌తో ఇంకో చిక్కు ఉంది. ఫోన్‌కి ఉన్న ఒక్క యూఎస్‌బీ-సి పోర్టునీ రిమోట్ వైరు ఆక్రమించేస్తుంది. యూఎస్‌బీ హబ్ పెట్టి అటు రిమోట్‌కీ ఇటు హెచ్‌డీఎంఐకీ పంచుదామని డబ్బు పెట్టకండి. రిమోట్‌తో మాట్లాడేటప్పుడు ఫోన్ ఆ పోర్టులో రిమోట్‌కి అనుబంధంగా ఉండిపోతుంది, అదే సమయంలో వీడియో బయటికి పంపడం కుదరదు. ఈ రిమోట్లతో బయటి తెరకి దారి వైఫై ఒక్కటే.

ఫోన్‌కి నేరుగా వైఫై మీద బొమ్మ పంపే టెల్లో లాంటి చిన్న డ్రోన్ల సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. ఫోన్ వైఫైని డ్రోన్ వాడుకుంటుంది, పోర్టు ఖాళీగా ఉంటుంది. అక్కడ యూఎస్‌బీ-సి నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్ పెడితే టీవీలో బొమ్మ వచ్చేస్తుంది. అయితే ఆ పోర్టు వీడియో పంపగలిగేదై ఉండాలి. శామ్‌సంగ్ ఎస్ సిరీస్‌లో ఎస్8 నుంచి, ఐఫోన్‌లో 15 నుంచి ఆ వీలుంది. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి లేదు, వాటికి ఎంత ఖరీదైన అడాప్టర్ కొన్నా బొమ్మ రాదు.

ఫోన్ తెరను గాలిలో పంపడం

అన్నిటికన్నా చవకైనది ఇదే. శామ్‌సంగ్‌లో స్మార్ట్ వ్యూ, మిగతావాటిలో కాస్ట్ అనో స్క్రీన్‌కాస్ట్ అనో ఉంటుంది. స్మార్ట్ టీవీలో మిర్రరింగ్ ఆన్ చేసి ఫోన్‌లో దాని పేరు నొక్కాలి. మామూలు టీవీ అయితే హెచ్‌డీఎంఐ పోర్టుకి గుచ్చే మిరాకాస్ట్ డాంగిల్ (ఫోన్ తెరను వైఫై మీద అందుకునే చిన్న పరికరం) చాలు. గూగుల్ పిక్సెల్ ఫోన్లు మిరాకాస్ట్ ఒప్పుకోవు, వాటికి క్రోమ్‌కాస్ట్ కావాలి. ఐఫోన్‌కి ఎయిర్‌ప్లే ఒప్పుకునే టీవీ గానీ, ల్యాప్‌టాప్‌లో ఎయిర్‌ప్లే అందుకునే సాఫ్ట్‌వేర్ గానీ ఉండాలి.

ఆండ్రాయిడ్ ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ ఉంటే స్క్రీన్‌కాపీ (scrcpy) అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డాంగిల్ కంటే మేలు. ఆలస్యం తక్కువ, బొమ్మ శుభ్రం. ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, ఆండ్రాయిడ్ 11 పైబడినదైతే వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఫోన్ చూపించే జత కోడ్‌ని ల్యాప్‌టాప్‌లో కొట్టాలి. ముందుగా ఇంట్లోనే చేసి చూసుకోండి, మైదానంలో మొదటిసారి చేస్తే గంట పోతుంది. బొమ్మ వెడల్పు 1280కి, బిట్‌రేట్ (సెకనుకి పంపే డేటా) 4 మెగాబిట్లకి తగ్గిస్తే తడబాటు పోతుంది.

మిర్రరింగ్‌లో ఫోన్‌లో ఏముంటే టీవీలో అదే వస్తుంది. బ్యాటరీ శాతం, మ్యాప్, మధ్యలో వచ్చే వాట్సాప్ మెసేజ్ సహా. డోంట్ డిస్టర్బ్ పెట్టండి. ల్యాప్‌టాప్ మధ్యలో ఉంటే ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత వీడియో సాఫ్ట్‌వేర్‌లోకి బొమ్మ తెచ్చుకుని, ఆల్ట్ బటన్ నొక్కిపట్టి అంచులు లోపలికి లాగితే చుట్టూ ఉన్న అంకెలు కత్తిరించుకుపోతాయి.

వైఫై ఛానెల్: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే

డ్రోన్ కూడా 2.4, 5.8 గిగాహెర్ట్జ్‌లలోనే రిమోట్‌తో మాట్లాడుతుంది. పక్కనే ఫోన్ వైఫైతో బొమ్మ పంపడం మొదలుపెడితే రెండూ ఒకదాని మాట ఒకటి వినపడకుండా చేసుకుంటాయి. టీవీలో బొమ్మ ఆగడం చిన్న నష్టం. డ్రోన్ సిగ్నల్ పోతే పెద్ద నష్టం, అందులోనూ జనం పైన.

మందు ఏమిటంటే, వైఫైకి 5 గిగాహెర్ట్జ్ పట్టీలో కింది భాగం ఇవ్వండి. 36 నుంచి 48 వరకు ఉన్న ఛానెళ్లు 5180–5240 మెగాహెర్ట్జ్‌లో ఉంటాయి, డ్రోన్‌కి దూరం. 149 నుంచి 165 దాకా ఉన్నవి 5745–5825లో, సరిగ్గా డ్రోన్ నెత్తిన కూర్చుంటాయి. ఫోన్ హాట్‌స్పాట్‌లో ఛానెల్ ఎంచుకునే వీలు మామూలుగా ఉండదు. అందుకే చిన్న డ్యుయల్ బ్యాండ్ రూటర్ ఒకటి పట్టుకెళ్లండి. దాని సెట్టింగ్స్‌లో ఆటో తీసేసి 36 పెట్టండి. పవర్ బ్యాంక్‌తో నడపాలంటే 5 వోల్టుల్ని 12కి పెంచే యూఎస్‌బీ కేబుల్ దొరుకుతుంది. రూటర్ మీద 9 వోల్టులు రాసుందో 12 రాసుందో చూసి కొనండి. 5 గిగాహెర్ట్జ్ లేని పాత ఫోన్ అయితే వైఫై 2.4లో ఉంచి, డ్రోన్‌ని యాప్‌లో ఆటో నుంచి 5.8కి మార్చి కట్టేయండి.

హెచ్‌డీఎంఐ లేని రిమోట్‌కి ల్యాప్‌టాప్ దారి

డీజేఐ ఫ్లై యాప్‌లో ట్రాన్స్‌మిషన్ పేజీలో లైవ్ స్ట్రీమింగ్ కింద ఆర్‌టీఎంపీ అనే లైవ్ వీడియో పంపే పద్ధతి ఉంటుంది. యూట్యూబ్‌కి పంపడానికి పెట్టింది. కానీ దాన్ని ఇంటర్నెట్ లేకుండా పక్కనున్న ల్యాప్‌టాప్‌కే పంపొచ్చు. తెర ఉన్న డీజేఐ ఆర్‌సీలకి ఇదే రాజమార్గం.

ల్యాప్‌టాప్‌ని రూటర్‌కి లాన్ కేబుల్‌తో కలపండి, రిమోట్‌నో ఫోన్‌నో అదే రూటర్ వైఫైకి కలపండి. ల్యాప్‌టాప్‌లో మీడియాఎంటీఎక్స్ అనే ఉచిత సర్వర్‌ని దించి, జిప్ విప్పి నడపండి. సెట్టింగ్స్ ఏవీ మార్చక్కర్లేదు. ఆర్‌టీఎంపీకి 1935, బ్రౌజర్లో చూసే వెబ్‌ఆర్‌టీసీకి 8889 నెట్‌వర్క్ పోర్టులు (కేబుల్ గుచ్చేవి కావు, దారి నంబర్లు) అదే తెరుస్తుంది. మొదటిసారి విండోస్ ఫైర్‌వాల్ అనుమతి అడుగుతుంది, ప్రైవేట్ నెట్‌వర్క్ మీద టిక్ పెట్టి ఒప్పుకోండి. తొందరలో క్యాన్సిల్ కొడితే ఆ తర్వాత ఎంత చేసినా కలవదు, ఎందుకు కలవట్లేదో కూడా ఎక్కడా చెప్పదు.

ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ (ఆ రూటర్ నెట్‌వర్క్‌లో దాని నంబరు) చూసి రాసుకోండి. డ్రోన్ యాప్‌లో ఆర్‌టీఎంపీ అని, కోలన్, రెండు వాలు గీతలు, ఆ ఐపీ, ఒక వాలు గీత, లైవ్, మళ్లీ వాలు గీత, డ్రోన్ అని వరుసగా, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. 720పీ, 3 నుంచి 5 మెగాబిట్లు చాలు. పది అడుగుల వాల్ మీద దూరం నుంచి చూసేవాళ్లకి 1080కీ దీనికీ తేడా కనిపించదు, తెగకుండా రావడమే ముఖ్యం.

ఓబీఎస్‌లో మీడియా సోర్స్ చేర్చి, లోకల్ ఫైల్ టిక్ తీసేసి అదే అడ్రస్ ఇవ్వండి. నెట్‌వర్క్ బఫరింగ్‌ని వీలైనంత తగ్గిస్తే ఆలస్యం దిగుతుంది. బొమ్మ రాగానే దానిమీద కుడి క్లిక్ చేసి ఫుల్‌స్క్రీన్ ప్రొజెక్టర్‌తో రెండో తెరకి, అంటే ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐకి పంపండి. అక్కడినుంచి టీవీకో, ప్రొజెక్టర్‌కో, పలు కెమెరాల బొమ్మల్ని కలిపే మిక్సింగ్ యూనిట్‌కో మామూలు కేబుల్. ఇంకో సుళువు ఉంది. అదే రూటర్‌కి కలిసిన ఏ ఫోన్లోనైనా బ్రౌజర్ తెరిచి, ల్యాప్‌టాప్ ఐపీ, కోలన్, 8889, వాలు గీత, లైవ్, వాలు గీత, డ్రోన్ అని ఇంగ్లీషులో కొడితే బొమ్మ వస్తుంది. పొలం పని చూపించాలన్నా, వెతుకులాటలో నలుగురు కళ్లప్పగించాలన్నా ఒక్క పైసా ఖర్చు లేకుండా నాలుగు తెరలు అమరతాయి.

ఇక్కడ తరచూ వచ్చే తంటా ఒకటి: రూటర్‌కి ఇంటర్నెట్ లేదు కాబట్టి ఫోన్ తనంతట తానే మొబైల్ డేటాకి దూకుతుంది, స్ట్రీమ్ ఫెయిల్ అవుతుంది. ఇంటర్నెట్ లేకపోయినా ఈ వైఫైలోనే ఉండాలా అని అడిగితే అవును అనండి, మొబైల్ డేటా ఆపేయండి. అప్పుడు యాప్‌లో మ్యాప్ లోడ్ కాదు, కాబట్టి ఎగిరే చోటు మ్యాప్‌ని ముందే తెరిచి ఉంచుకోండి. రూటర్ తేకుండా విండోస్ హాట్‌స్పాట్‌తో పని కానిద్దామంటే ల్యాప్‌టాప్ ఐపీ మామూలుగా 192.168.137.1 అవుతుంది. కానీ పంచుకోవడానికి ఏదో ఒక ఇంటర్నెట్ లేకపోతే విండోస్ హాట్‌స్పాట్‌ని మొదలుపెట్టనివ్వదు. ఊరి చివర తోటలో ఇది గుర్తుపెట్టుకోండి.

హెచ్‌డీఎంఐ ఉన్నవాళ్లు

కేబుల్ పెట్టగానే బొమ్మ వస్తుంది. జాగ్రత్త పడాల్సింది పోర్టు విషయంలో. మినీ హెచ్‌డీఎంఐ పిన్ను సున్నితం, బరువు కేబుల్ ఒక్కసారి లాగితే వదులైపోతుంది. సన్నటి మెత్తటి కేబుల్ ఒక అడుగుది రిమోట్ హ్యాండిల్‌కి వెల్క్రోతో కట్టి, అక్కడినుంచి జాయింటర్‌తో పెద్ద కేబుల్ కలపండి. ఎవరైనా కాలు తగిలించినా జాయింటు ఊడుతుంది, రిమోట్ బతుకుతుంది. మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ 10–15 మీటర్లు దాటితే మెరుపులు, నల్లతెర మొదలవుతాయి. మిక్సింగ్ టేబుల్ అంతకన్నా దూరంలో ఉంటే హెచ్‌డీఎంఐని ఎస్‌డీఐకి (దూరాలకి వీడియో పంపే పద్ధతి) మార్చే పెట్టె పెట్టి మంచి ఆర్‌జీ6 కేబుల్ లాగడం నమ్మకమైన పని. రెండు తెరలు కావాలంటే కరెంటు ఇచ్చే స్ప్లిట్టర్ కొనండి. కరెంటు లేని వై కేబుళ్లు హెచ్‌డీఎంఐకి పనికిరావు. మిక్సర్‌లో బొమ్మ అసలు రాకపోతే కేబుల్‌ని అనుమానించే ముందు మిక్సర్ ఏ ఫార్మాట్‌లో ఉందో చూడండి. 1080ఐ 50కి (50 హెర్ట్జ్) కట్టేసిన పాత మిక్సర్లు 60 హెర్ట్జ్ సిగ్నల్‌ని ఒప్పుకోవు.

గాగుల్స్

ఫోన్‌ని వీఆర్ బాక్స్‌లో పెట్టి గాగుల్స్ చేసుకోవచ్చా? చేసుకోవచ్చు, నడిపేవాడికి కాదు. హెచ్‌డీఎంఐ ఉన్న రిమోట్ నుంచి యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ (హెచ్‌డీఎంఐ బొమ్మను యూఎస్‌బీకి మార్చేది), దాన్నుంచి ఓటీజీతో (ఫోన్‌కి యూఎస్‌బీ పరికరం తగిలించే అడాప్టర్) ఆండ్రాయిడ్ ఫోన్, అందులో యూఎస్‌బీ కెమెరా యాప్, ఫోన్ వీఆర్ బాక్స్‌లో. స్టిక్ వెయ్యి లోపు, బాక్స్ కొన్ని వందలు. యూఎస్‌బీ 2.0 స్టిక్కులు 1080ని సెకనుకి 30 ఫ్రేములే ఇస్తాయి, 720కి తగ్గిస్తే 60 ఇస్తాయి. కదలిక నునుపుగా కావాలంటే 720 పెట్టండి. పక్కన కూర్చున్న అతిథికి, నేర్చుకునే కుర్రాడికి ఇది అద్భుతంగా పనిచేస్తుంది.

నడపడానికి తక్కువ ఖర్చు దారి ఇప్పటికీ అనలాగే. పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిని మన దేశం 2022 ఫిబ్రవరిలో ఆపేసి విడిభాగాలను మినహాయించింది కాబట్టి, భాగాలు కొని కట్టుకునేవాళ్లకి ఈ దారి ఇంకా తెరిచే ఉంది. ఈచైన్ ఈవీ800డీ లాంటి డబ్బా గాగుల్స్‌లో 5 అంగుళాల తెర, రెండు యాంటెన్నాలు, రికార్డింగ్ ఉంటాయి. తెరను ఊడదీసి స్టాండు మీద మానిటర్‌లా కూడా వాడొచ్చు. స్కైజోన్ కోబ్రా ఎక్స్‌కి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ కూడా ఉంది. ఇవాళ అనలాగ్, రేపు డిజిటల్ రిసీవర్ అనుకునేవాళ్లు కొంచెం ఎక్కువ పెట్టి దీన్ని తీసుకోవడం తెలివైన పని.

ఇంకా చవక కావాలంటే ఈచైన్ ఆర్‌ఓటీజీ01. ఫోన్‌కి ఓటీజీతో తగిలించే 5.8 రిసీవర్. బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే ఛానెల్ వెతికేస్తుంది, గోఎఫ్‌పీవీ యాప్‌లో బొమ్మ వస్తుంది. ల్యాప్‌టాప్‌కి పెడితే వెబ్‌క్యామ్‌లా కనిపిస్తుంది, నేరుగా ఓబీఎస్‌లోకి, అక్కడినుంచి టీవీకి. ఆలస్యం వంద మిల్లీసెకన్ల చుట్టూ ఉంటుంది కాబట్టి చెట్ల మధ్య దూరే పనికి వద్దు.

డీజేఐ గాగుల్స్ ఉన్నవాళ్లు బయటి తెర కోసం కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. గాగుల్స్ 2కీ ఇంటెగ్రాకీ యూఎస్‌బీ-సితో ఫోన్ కలిపి డీజేఐ ఫ్లై తెరిస్తే అదే బొమ్మ వస్తుంది. గాగుల్స్ 3 అయితే వైఫై మీదే ఫోన్‌కి పంచుతుంది. ఆ ఫోన్‌ని పైన చెప్పినట్టు టీవీకి మిర్రర్ చేయడమే.

చేత్తో కట్టుకునే ఓపిక ఉన్నవాళ్లకి ఓపెన్ఐపీసీ (కెమెరాల్లో వేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) మంచి బాట. డ్రోన్ మీద ఓపెన్ఐపీసీ కెమెరా, కింద ఆర్‌టీఎల్8812ఏయూ చిప్పు వైఫై అడాప్టర్, దాన్ని ఓటీజీతో ఆండ్రాయిడ్ ఫోన్‌కి పెట్టి పిక్సెల్‌పైలట్ యాప్. హెచ్‌డీఎంఐ కావాలంటే ఫోన్ బదులు రాడ్‌క్సా జీరో 3డబ్ల్యూ బోర్డు. మొదటి వారమంతా ఫర్మ్‌వేర్లతోనే సరిపోతుందని తెలిసి దిగండి.

అనలాగ్‌లో బొమ్మ ఎందుకు పోతుంది

ముందు యాంటెన్నా పిన్ను చూడండి. ఎస్‌ఎంఏ, ఆర్‌పీ-ఎస్‌ఎంఏ అని రెండు రకాలు, రెండూ ఒకదానికొకటి మరలో దిగిపోతాయి. నడి మధ్య సూది రెండువైపులా లేకపోతే బిగిసినట్టే ఉంటుంది, సిగ్నల్ పది మీటర్లు కూడా పోదు. రెండువైపులా సూదే ఉంటే నొక్కి తిప్పి విరగ్గొట్టినవాళ్లవుతారు. ఆ తర్వాత తిరుగుడు దిశ (యాంటెన్నా పంపే తరంగం తిరిగే వైపు): డ్రోన్ మీద కుడి తిరుగుడు యాంటెన్నా, గాగుల్స్‌కి ఎడమ తిరుగుడు యాంటెన్నా పెడితే ఎదురుగా ఉన్నా బొమ్మ చీలిపోతుంది. రెండూ ఒకటే కావాలి. యాంటెన్నా లేకుండా వీడియో ట్రాన్స్‌మిటర్‌కి కరెంటు ఇస్తే అది కాలిపోతుంది. ఉన్నా సరే, బల్ల మీద గాలి తగలకుండా పూర్తి పవర్‌లో ఉంచకండి. 25 మిల్లీవాట్లకి దించి పక్కన ఫ్యాన్ పెట్టండి.

ఛానెల్ ఎంచుకునేటప్పుడు మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చిన 5725–5875 మెగాహెర్ట్జ్‌లో ఉండండి. ఎఫ్ బ్యాండ్ అనే ఛానెళ్ల గుంపులో 1 నుంచి 7 వరకు (5740–5860) అన్నీ ఇందులోనే ఉన్నాయి, మొదలుపెట్టడానికి ఎఫ్4, 5800, మంచిది. రేస్‌బ్యాండ్ అనే ఇంకో గుంపులో 7, 8 ఛానెళ్లు 5880, 5917 అవుతాయి, ఈ గీత దాటినట్టే. ఇద్దరు కలిసి ఎగరేస్తే పక్కపక్క ఛానెళ్లు కాకుండా కనీసం 40 మెగాహెర్ట్జ్ ఎడం ఉంచండి.

గాగుల్స్‌తో పాటు జనానికి టీవీ కూడా కావాలంటే గాగుల్స్ నుంచి వైరు లాగే పని లేదు. అనలాగ్ సిగ్నల్‌ని ఎన్ని రిసీవర్లయినా పట్టుకోవచ్చు. ఆర్‌సీ832 లాంటి 12 వోల్టుల రిసీవర్‌కి మూడు సెల్లుల లైపో బ్యాటరీ తగిలించి, అదే ఛానెల్ పెట్టి, దాని ఏవీ వైరు టీవీకి ఇవ్వండి. దానికి రెండు అవుట్‌పుట్లు ఉంటాయి కాబట్టి రెండు తెరలు. ఒకే వీడియో వైరుని రెండుగా చీలిస్తే మాత్రం బొమ్మ మసకబారుతుంది. ఏవీ వైరు 3.5 జాక్‌దైతే వలయాల వరుస కంపెనీకొక రకం. పసుపు పిన్నులో బొమ్మ రాకుండా గరగర వస్తుంటే ఎరుపు, తెలుపు పిన్నులు ఒక్కోటీ టీవీ పసుపు రంధ్రంలో పెట్టి చూడండి, ఏదో ఒకదాంట్లో దొరుకుతుంది.

సిగ్నల్ బలహీనపడగానే మామూలు టీవీ, ఏవీని హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బా రెండూ నీలం తెర చూపిస్తాయి. చూసేవాళ్లకి పర్లేదు. నడిపేవాడు చూసే మానిటర్ మాత్రం చుక్కలతోనైనా బొమ్మ చూపించేదే కావాలి. ఆ చుక్కల్లోంచే డ్రోన్‌ని వెనక్కి తిప్పుకుంటారు.

ఎండలో

గాగుల్స్ కటకాల్ని సూర్యుడి వైపు పెట్టి నిమిషం వదిలినా లోపలి తెర మీద పసుపు మచ్చ కాలిపోతుంది, అది ఇక పోదు. తీయగానే కటకాలు కిందికి ఉండేలా, మీద గుడ్డ కప్పి పెట్టండి. మే నెల ఎండలో యాప్, మిర్రరింగ్ రెండూ నడిపే ఫోన్ వేడెక్కి తెర మసకేసుకుంటుంది. కవర్ తీసేయండి, నీడన నిలబడండి, విమానం మోడ్ పెట్టి వైఫై ఒక్కటి ఆన్ చేసుకోండి. టీవీని బయట పెట్టాల్సి వస్తే కారు డిక్కీలో వెనక్కి తోసి పెట్టండి, వెయ్యి రూపాయల హుడ్ కంటే బాగా కనిపిస్తుంది.

గాగుల్స్ పెట్టుకుంటే పక్కన ఒక మనిషి డ్రోన్‌ని కంటితో చూస్తూ నిలబడాలి, తెర చూడటం అతని పని కాదు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని డబ్బుకి ఎగరేస్తే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. పెళ్లి షూటింగూ అందులోదే. జనం రాకముందు ఒకసారి మొత్తం గొలుసు కలిపి, డ్రోన్‌ని చేతిలో పట్టుకున్నంత దగ్గర కాకుండా ఒక యాభై మీటర్లు పైకి పంపి, టీవీ ఆన్‌లో ఉన్నప్పుడు రిమోట్ సిగ్నల్ గీతలు తగ్గుతున్నాయేమో చూడండి. తగ్గితే వైఫై ఛానెల్ మార్చండి. మార్చినా తగ్గితే ఆ రోజుకి టీవీ ఆపేయండి.